గడప మీది వికల్పం



ఛందస్సు, వ్యాకరణం, కృష్ణాతీరపు పలుకుబళ్ళు తప్ప మరొకటి వ్రాయని ఈ పంతులు నేడు కంప్యూటరు మేలుకొనే విధానాన్ని గురించి వ్రాయబూనడం చూసి కొందరికి నవ్వు రావచ్చును. నవ్వుకోండి, కాని చివరిదాకా చదవండి. విషయం యంత్రానిదే అయినా, అందులోని తగవు నాకు బాగా తెలిసిన వ్యాకరణానిది. దాని పేరు వికల్పం.

పోయిన నెల మా వీధిలో ఒక పెద్దమనిషి తన కంప్యూటరును పాతసామాన్లవానికి తూకానికి ఇచ్చివేయబోతూ నాకు కనబడ్డాడు. యంత్రానికి ఏ రోగమూ లేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్టువారి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 కోరే ప్రాసెసరు ఆ యంత్రంలో లేదు. "ఇక పనికిరాదటండీ మాస్టారూ" అన్నాడాయన. కాడి మారిందని ఎద్దును కబేళాకు తోలినట్లుంది నాకు.

లినక్సు ఎక్కించుకోండి, పాత లెక్కల సాఫ్టువేరు కోసం విండోస్‌నూ అలాగే ఉంచుకోండి, అన్నాను. ఆయన అడిగిన ప్రశ్న ఇది: "రెండూ ఉంటే, మీట నొక్కినప్పుడు ఏది వస్తుందో నాకెట్లా తెలుస్తుంది?"

ఏది రావాలో మీరే వ్రాసిపెట్టవచ్చును అన్నాను. నమ్మలేదు. ఇన్నేళ్ళుగా కంప్యూటరు వాడుతున్న మనిషికి, తన యంత్రపు గడప మీద తాను రెండు పంక్తులు వ్రాసుకోవచ్చునన్న సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ టపాకు కారణం ఆ అపనమ్మకమే.

ముందుగా ఆ గడప ఏమిటో చెబుతాను. తెలిసినవారు మన్నించాలి.

మీట నొక్కగానే మొదట లేచేది విండోస్ కాదు, లినక్సూ కాదు. యంత్రంలోనే నిక్షిప్తమై ఉండే ఒక చిన్న ప్రోగ్రాము. పాత యంత్రాలలో దానిని బయోస్ అనేవారు. దానికి విండోస్ అంటే ఏమిటో, లినక్సు అంటే ఏమిటో తెలియదు. హార్డుడిస్కులో మొట్టమొదటి 512 బైట్లు చదవడం, అందులో ఉన్న ఆజ్ఞలను పాటించడం, అంతే దాని విద్య. ఆ 512లో చివరి రెండు బైట్లు ముద్ర. వాటి ముందరి 64 బైట్లు డిస్కు ఎన్ని భాగాలుగా పంచబడిందో చెప్పే పట్టిక. ఇక ఆజ్ఞలకు మిగిలేవి 446 బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, అన్నీ విడివిడిగానే లెక్క. అంటే ఒక ఉత్పలమాల కూడా ఇమడడం కష్టమైనంత ఇరుకు చోటది.

ఆ ఇరుకులో కూర్చున్న చిన్న ప్రోగ్రాము తనకంటె కొంచెం పెద్ద ప్రోగ్రామును పిలుస్తుంది. ఆ పెద్దది డిస్కులో ఉన్న కెర్నెళ్ళలో ఒకదానిని ఎంచి, జ్ఞాపకసీమలోకి ఎక్కించి, "నీ ఇల్లు ఫలానా భాగంలో ఉంది, పో" అని చెప్పి తప్పుకుంటుంది. ఇదంతా కలిపి బూట్ లోడరు. కెర్నెల్ అంటే గింజలోని పప్పు. తెలుగు చేద్దామని చాలాకాలం యత్నించాను. "పాత పప్పు తీసి కొత్త పప్పు పెట్టుము" అని వ్రాస్తే చదువరి వంటింటికి పోతాడని విరమించుకున్నాను. కెర్నెల్ అనే ఉండనిద్దాం.

బెజవాడవాళ్ళకు ఇంకొక విధంగా చెప్పవచ్చును. 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగితే, దాని స్థానంలో కట్టి 1957లో ముగించిన ప్రకాశం బ్యారేజీ మనకు తెలుసు. దానికి 70 గేట్లు. ఎడమగట్టున తీసుకున్న నీరు ఊళ్ళోనే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువగా చీలిపోతుంది. ఏ కాలువకు పోవాలో నీటికి తెలియదు. తూము దగ్గర ఉన్న లస్కరుకు తెలుసు. ఆయన చేతిలో ఒక కాగితం ఉంటుంది, ఏ కాలువకు ఎంత అని. డెల్టా అంతటి పంట ఆ కాగితం మీద ఆధారపడి ఉంటుంది. బూట్ లోడరు లస్కరు. దాని కన్‌ఫిగరేషను దస్త్రం ఆ కాగితం. ఆ కాగితం ఎవరు వ్రాయాలి, రైతుకు అది చదవడం రావాలా వద్దా అన్నదే నా ప్రశ్న.

ఇక నా కథ.

2006 ప్రాంతంలో, లేఖిని వచ్చి మనమంతా యూనికోడు తెలుగు రుచి మరిగిన రోజులలో, నేను ఒక పదకోశం మొదలుపెట్టాను. దివిసీమ నుండి కైకలూరు దాకా వరిచేను చుట్టూ తిరిగే మాటలు. దమ్ము, ఆకుమడి, ఊడ్పు, పన, కుప్ప, బోదె, పురి వంటివి, వాటి వాడుకలతో సహా. బడి వదిలాక ఊళ్ళు తిరిగి కాగితాల మీద వ్రాసుకోవడం, రాత్రి ఇంట్లో కూర్చుని కంప్యూటరులో ఎక్కించడం.

పదకోశమంతా లినక్సులో ఉండేది. కాని విండోస్ లేకుండా జరగదు. బెజవాడ ముద్రణాలయాల సంగతి మీకు తెలియనిదా? ఇక్కడి డీటీపీ అంతా అప్పట్లో పేజ్‌మేకరు మీద, అను ఖతుల మీద నడిచేది. ఆ ఖతులలో తెలుగు అక్షరాలకు సొంత స్థానాలు లేవు. ఇంగ్లీషు అక్షరాల గదులలో తెలుగు ముక్కలు కాపురముండేవి. ఖతి లేనిచోట ఆ దస్త్రం తెరిస్తే పిచ్చి గీతలు. కనుక ప్రూఫులు దిద్దాలంటే విండోస్, నా పని చేసుకోవాలంటే లినక్సు. ఎక్స్‌పీలోనూ యూనికోడు తెలుగు కనబడేది, నిజమే. కాని ప్రూఫులు తెచ్చే పెన్‌డ్రైవులతో పాటు వైరస్సులూ వచ్చేవి. నా పదాలను ఆ సంతలో పెట్టడం ఇష్టం లేకపోయింది.

నా పూర్వ విద్యార్థి ఒకడు స్లాక్‌వేర్ ఎక్కించి ఇచ్చాడు. దానితో పాటు లైలో అనే బూట్ లోడరు వచ్చేది. మీట నొక్కితే ఎర్రని చట్రంలో రెండు పేర్లు కనబడేవి. ఏది కావాలో బాణపు మీటతో ఎంచుకోవడమే.

2008 వర్షాకాలంలో విండోస్‌కు వైరస్సు పట్టి కదలలేదు. యంత్రాన్ని ఒక దుకాణానికి తీసుకుపోయాను. మరునాడు తిరిగి ఇచ్చారు. ఇంటికి తెచ్చి మీట నొక్కితే ఎర్రని చట్రం లేదు. సరాసరి విండోస్. దుకాణానికి ఫోను చేస్తే కుర్రవాడు తాపీగా చెప్పాడు: "ఆ రెండోది పోయింది సార్. ఆ జాగా ఊరికే ఉంది. తీసుకొస్తే ఫార్మాట్ చేసిస్తాను, మీకు కలిసొస్తుంది."

రెండేళ్ళ తిరుగుడు. ఆ మాటలు చెప్పిన ముసలివారిలో ఇద్దరు అప్పటికే కాలం చేశారు. నకలు తీసిపెట్టుకోకపోవడం నా తప్పు, ఎవరినీ అనేది లేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు. యంత్రాన్ని ఉదయం దుకాణానికి పంపుదామనే అనుకున్నాను. పోయినది ఎటూ పోయింది, జాగా అయినా కలిసివస్తుంది కదా అని!

పడుకోబోయేముందు ఎందుకో ఆ విద్యార్థికి ఫోను చేశాను. వాడు బందరులో ఉండేవాడు. విషయమంతా విని, "మాస్టారూ, ఆ డిస్కును ఎవరినీ ముట్టుకోనివ్వకండి. మీ మాటలు ఎక్కడికీ పోలేదు. విండోస్ మళ్ళీ ఎక్కించినప్పుడు అది గడప మీది వ్రాత చెరిపి తన పేరు వ్రాసుకుంది. అంతే. లోపల ఇల్లు ఇల్లుగానే ఉంది" అన్నాడు.

ఆదివారం బస్సు దిగి వచ్చాడు. చేతిలో ఉబుంటు సీడీ. ఆ రోజులలో షిప్ఇట్ అనే ఏర్పాటు క్రింద అడిగినవారికి ఉచితంగా టపాలో పంపేవారు, 2011లో ఆపివేశారు. ఆ సీడీ నుండే యంత్రాన్ని లేపి, డిస్కులోని లినక్సు భాగాన్ని తెరిచి చూపించాడు. ఆకుమడి, బోదె, పురి. ఒక్క మాట చెదరలేదు.

అప్పుడు వాడొక పని చేశాడు. లైలో దస్త్రాన్ని తెరిచి, కుర్చీలోంచి లేచి, "మీరే చేయండి మాస్టారూ, నేను చెబుతాను" అన్నాడు. నల్లబల్ల దగ్గరకు పిల్లవాణ్ణి పిలిచినట్లు పిలిచాడు నన్ను!

చూద్దును గదా, అదొక చిన్న వ్యాకరణం. మొదట కొన్ని పరిభాషా సూత్రాలు: గడప ఏ డిస్కు మీద ఉంది, ఎంతసేపు వేచి చూడాలి, ఎవరూ ఏమీ చెప్పకపోతే ఏది రావాలి. ఈ చివరిదాని పేరు డిఫాల్ట్. తరువాత ఒక్కొక్క కెర్నెలుకు ఒక్కొక్క ఖండిక. ఇమేజ్ అన్న పంక్తిలో కెర్నెల్ ఉన్న చోటు, లేబుల్ అన్న పంక్తిలో పట్టికలో కనబడవలసిన పేరు, రూట్ అన్న పంక్తిలో దాని ఇల్లు. విండోస్‌కు మాత్రం ఇమేజ్ లేదు, అదర్ అని ఉంటుంది. లైలో విండోస్‌ను తాను ఎక్కించదు. విండోస్ సొంత గడప ఎక్కడుందో చూపి పంపిస్తుంది. లోకమంతా ఏలే విండోస్ ఆ దస్త్రంలో ఉత్త "ఇతరము"! ఆ రోజు అంత దిగులులోనూ నవ్వు వచ్చింది.

దస్త్రం సరిచూసి దాచినంత మాత్రాన పని కాదు. లైలో అన్న ఆజ్ఞను మళ్ళీ నడపాలి. ఎందుకంటే లైలోకు దస్త్రాల పేర్లతో పని లేదు. కెర్నెల్ డిస్కులో ఏ ఏ గళ్ళలో ఉందో ముందే గుర్తు వేసుకుని ఉంచుకుంటుంది. కెర్నెల్ మార్చి ఆజ్ఞ నడపడం మరచిపోతే, పాత చిరునామా పట్టుకుని వెళ్ళి ఎదురుచూసే టపాబంట్రోతులా నిలబడిపోతుంది. ఆజ్ఞ నడిపాను. యంత్రాన్ని ఆపి లేపాను. ఎర్రని చట్రం వచ్చింది.

ఇక నా అభిప్రాయానికి వస్తాను.

సంధి చెప్పేటప్పుడు మేము నిత్యం, వైకల్పికం అని విడదీసి చెబుతాం. నిత్యమంటే ఒకటే రూపం. రాముడు, అతడు కలిస్తే రాముడతడే. వైకల్పికమంటే రెండు రూపాలూ సాధువులే. ఏమంటివి అనవచ్చు, ఏమియంటివి అనవచ్చు. ఏది అనాలో చెప్పేది వ్యాకర్త కాదు, మాట్లాడేవాడు. అయితే ఒక మెలిక ఉంది. సూత్రంలో వైకల్పికమని వ్రాసి ఉన్నంతవరకే రెండవ రూపానికి మర్యాద. ఆ మాట కొట్టివేస్తే జనం నోట బ్రతికే ఉన్నా, పరీక్ష కాగితంలో అది తప్పయిపోతుంది. మార్కు పోతుంది.

నా లినక్సుకు జరిగినదీ అదే. డిస్కులో బ్రతికే ఉంది. పట్టికలో పేరు లేదు. కనుక "పోయింది". పేరు లేని దానిని ఫార్మాట్ చేయడానికి ఎవరూ సంకోచించరు. దుకాణపు కుర్రవాడు అబద్ధమాడలేదు. గడప మీద ఏది కనబడితే అదే ఇల్లని నమ్మాడు. నాకూ చదవడం రాదు గనుక నేనూ నమ్మాను.

అందుచేత నేననేది ఇది. వికల్పం ఉండడం చాలదు. అది మనం చదవగలిగిన వ్రాతలో, మనం దిద్దగలిగిన చోట ఉండాలి. ఆ నాలుగు పంక్తులు చదవడం కంప్యూటరు వాడే ప్రతివారికీ, ముఖ్యంగా బడిపిల్లలకు నేర్పాలి.

ఇది ఒక్క విండోస్ మీది ఫిర్యాదు అనుకోకండి. చివరగా వచ్చినవాడు గడపను ఆక్రమించడం అందరికీ ఉన్న అలవాటే. లైలో తరువాత ప్రచారంలోకి వచ్చిన గ్రబ్ చాలా విషయాలలో మేలు. కెర్నెలును పేరుతో వెదుక్కోగలదు, మార్చిన ప్రతిసారీ ఆజ్ఞ నడపనక్కరలేదు. దాని పాత రూపంలో మెనూ దస్త్రాన్ని చేత్తో వ్రాసుకొనేవాళ్ళం. లెక్క సున్నాతో మొదలవుతుందని గుర్తుంటే చాలు. కాని 2009 అక్టోబరు ఉబుంటుతో చాలామంది ఇళ్ళకు వచ్చిన గ్రబ్ 2లో, అసలు దస్త్రం తెరిస్తే ఆరంభంలోనే దీనిని దిద్దవద్దని ఉంటుంది. దానిని యంత్రమే వ్రాస్తుంది. మనం వేరొక చిన్న దస్త్రంలో మన కోరికలు వ్రాసి విన్నవించుకోవాలి. ఆ దస్త్రం నిజంగా చిన్నదే, చదవదగినదే. అయినా వందల పంక్తుల యంత్రలేఖనాన్ని ఒకసారి చూసి బెదిరినవాడు రెండవసారి గడప దగ్గరకు రాడు.

2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుండి, డిస్కులో వేరే వ్యవస్థలు ఉన్నాయేమోనని వెదికే పనిని భద్రతా కారణాలతో మామూలుగా ఆపి ఉంచారు. తీరా కొత్త లినక్సు ఎక్కించుకున్నవారిలో కొందరికి పట్టికలోంచి విండోస్ మాయమైంది! ఈసారి లినక్సు గడప విండోస్‌ను మరచింది. ఒక్క పంక్తి మారిస్తే తిరిగి వస్తుంది. ఆ పంక్తి తెలియనివారికి మాత్రం, 2008లో నాకు వినబడిన మాటే వినబడి ఉంటుంది: పోయింది సార్.

2024 ఆగస్టులో ఇంకొకటి జరిగింది. కొత్త యంత్రాలలో సెక్యూర్ బూట్ అనే కావలి ఉంటుంది. సంతకం ఉన్న లోడరునే లోపలికి రానిస్తుంది. ఆ నెల విండోస్ అప్‌డేటు ఒకటి ఆ కావలివానికి కొత్త నిషేధపట్టిక ఇచ్చింది. రెండు వ్యవస్థలూ ఉన్న యంత్రాల జోలికి పోదన్నారు, పోయింది. లినక్సు లేపబోతే ఏదో ఘోరం జరిగిందన్న సందేశం చూపి యంత్రం ఆగిపోయింది. పూర్తి దిద్దుబాటు 2025 మేలో గాని రాలేదు. జయవిజయులు గుర్తుకు వచ్చారు నాకు. కావలి కాయడం వారి ధర్మమే, కాని సనకసనందనాదులను ఆపారు. గడపను దొంగలు ఆక్రమించే వైరస్సులు నిజంగా ఉన్నాయి గనుక కావలి వద్దని నేననను. తాళపుచెవి ఇంటి యజమాని దగ్గర కూడా ఉండాలంటాను. అట్లా సొంత తాళపుచెవి చేర్చుకొనే మార్గం చాలా యంత్రాలలో ఉంది. వాడుకదారులకు దాని జాడ చెప్పేవారే తక్కువ.

లైలో అభివృద్ధి 2015 డిసెంబరుతో ఆగిపోయింది. దానికి శ్రద్ధాంజలి. అయితే చిన్న దస్త్రాల సంప్రదాయం చచ్చిపోలేదు. కొత్త యూఈఎఫ్ఐ యంత్రాల కోసం 2012లో గమ్మీబూట్ పేరుతో పుట్టి, 2015లో సిస్టమ్‌డీలో కలిసిన లోడరు ఒకటుంది. ఇప్పుడు దానిని సిస్టమ్‌డీ-బూట్ అంటారు. అందులో ఒక్కొక్క కెర్నెలుకు ఒక్కొక్క చిన్న దస్త్రం. టైటిల్, లినక్స్, ఇనిట్ఆర్‌డీ, ఆప్షన్స్ అని నాలుగు పంక్తులు. డిఫాల్ట్, గడువు వేరొక దస్త్రంలో. విండోస్ ఆ గదిలోనే ఉంటే దానంతట అదే కనిపెడుతుంది. పద్యానికి నాలుగు పాదాలన్నట్లు ఉంటుంది దాని పొందిక. చూసినప్పుడల్లా నా మనసుకు హాయి.

దానికీ లోపముంది, దాచడం ధర్మం కాదు. కెర్నెళ్ళు ఆ గడప గదిలోనే, లేదా దాని ప్రక్కన ప్రత్యేకంగా కేటాయించిన గదిలోనే ఉండాలి. విండోస్ ముందే ఎక్కిన యంత్రాలలో ఆ గది తరచు 100 ఎంబీ మాత్రమే. రెండు మూడు కెర్నెళ్ళకే నిండిపోతుంది.

కెర్నెళ్ళు రెండు మూడెందుకు అంటారా? ఇది నా రెండవ మాట. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడు పాతదానిని వెంటనే తీసివేయకండి. కొత్తది మీ యంత్రంతో పొసగక, తెర నల్లగా నిలిచిపోతే, గడప మీద పాతదాని పేరున్నవాడు అర నిముషంలో లేస్తాడు. లేనివాడు దుకాణానికి పోతాడు. మా డెల్టా రైతు కొత్త వంగడం వేసినా, పాత విత్తనం ఒక బస్తా అటక మీద ఉంచుకొనేవాడు. చాలా లినక్సు పంపిణీలు పాత కెర్నెలు ఒకటైనా వాటంతట అవే ఉంచుతున్నాయి. కాని వేగం కోసమని వేచి ఉండే గడువును సున్నా చేసుకొనేవారు చాలామంది. పాతది ఉన్నా, దానిని ఎంచుకొనే క్షణమే లేకుండా చేసుకోవడమది. ఐదు సెకన్లు ఉంచండి. లైలోలో గడువును సెకనులో పదవవంతులుగా లెక్కించేవారు, ఐదు సెకన్లకు 50 అని వ్రాయాలి. ఆ అలవాటుతో గ్రబ్‌లోనూ 50 అని వ్రాసి, కాఫీ కలుపుకుని వచ్చేదాకా పట్టికను చూస్తూ కూర్చున్న ఘనుణ్ణి నేనే.

"గడప మీద తెలుగు ఏదీ?" అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మన స్వేచ్ఛ బృందంవారు డెబియన్ ఆధారంగా తెలుగు లినక్సును తెచ్చారు. లోపలికి వెళ్ళాక పలకరింపులన్నీ తెలుగులో ఉండేటట్లు శ్రమించారు. వారికి ఎంత ఋణపడినా తక్కువే. కాని గడప దగ్గర పరిస్థితి వేరు. పాత అక్షరతెర మామూలుగా ఒకసారికి 256 ఆకారాలనే చూపేది. గుణింతాలతో, వత్తులతో మన లిపికి అది ఏ మూలకు? గ్రబ్ 2 యూనికోడు ఖతిని చూపగలదు గాని, హల్లు క్రింద వత్తును కుదిర్చే విద్య దానికి లేదు. లక్ష్మి అని వ్రాస్తే విడివిడి ముక్కలవుతుంది.

విరిగిన తెలుగు కంటె శుభ్రమైన రోమను పేరే మేలని నా అభిప్రాయం. పండితుడై ఉండి ఇట్లా అంటాడేమని కోపించకండి. ఆ తెర మీద మనం ఉండేది ఐదు సెకన్లు. మనకు నిజంగా తెలుగు కావలసినది లోపలి దస్త్రంలో. పౌండ్ గుర్తుతో మొదలైన పంక్తిని లోడరు చదవదు, అది మనిషి కోసం. అక్కడ హాయిగా తెలుగులో వ్రాసుకోవచ్చును. నా దస్త్రంలో ప్రతి పంక్తి పైన ఒక తెలుగు వ్యాఖ్య ఉంటుంది: ఇది ఇల్లు, ఇది పేరు, ఇది తీయవద్దు, ఎందుకంటే ఇది పాత కెర్నెల్. మూలం యంత్రానికి, టీక మనిషికి. మన పెద్దలు కావ్యాలకు చేసినదీ అదే కదా.

ఈ రోజులలో ఇదంతా ఎందుకు అనేవారున్నారు. ఫోనులోనే సర్వం జరుగుతోంది. ఇన్‌డిజైనులో యూనికోడు తెలుగు కుదురుగా వస్తోంది గనుక రెండు వ్యవస్థల అవసరమూ తగ్గింది. కావాలంటే ఒక వ్యవస్థ లోపలే ఇంకొక దానిని నడపవచ్చును. నిజమే, ఒప్పుకుంటాను. కాని ఫోను గడపను గమనించారా? చాలా ఫోనులలో అది తాళం వేసి వస్తుంది. తయారీదారు అప్‌డేట్లు ఆపిన నాడు, ఎంత బాగా పనిచేసే ఫోనైనా పాతదైపోతుంది. అక్కడ అంతా నిత్యసంధే, వికల్పం లేదు. కంప్యూటరుకు ఇంకా ఆ గతి పట్టలేదు. పట్టకూడదంటే, గడప మీద వ్రాసుకొనే అలవాటు మనలో కొందరికైనా ఉండాలి. వాడని హక్కు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

మా వీధి పెద్దమనిషి దగ్గర మొదలుపెట్టాను, ఆయన దగ్గరే ముగిస్తాను. యంత్రం తూకానికి పోలేదు. లినక్సు ఎక్కింది. నాకు ఇష్టమైన చిన్న లోడరు పెట్టాలని ఉబలాటపడ్డాను గాని, ఆ గడప గది 100 ఎంబీయే. అందుచేత పంపిణీతో వచ్చిన గ్రబ్‌నే ఉంచాను. నా ఇష్టం కంటె ఆయన సౌకర్యం ముఖ్యం. డిఫాల్ట్ లినక్సు, గడువు 10 సెకన్లు. విండోస్ పాత లెక్కల కోసం మాత్రమే. అది తెరిచినప్పుడు ఇంటర్నెట్టు తీగ పీకివేయాలని ఒప్పందం.

ఆ రెండు పంక్తులూ నేను వ్రాయలేదు. దస్త్రం తెరిచి, కుర్చీలోంచి లేచి, "మీరే వ్రాయండి, నేను చెబుతాను" అన్నాను. ఆయన ఒక్కొక్క మీటే వెదుక్కుంటూ వ్రాశాడు. యంత్రం ఆగి లేచింది. పట్టికలో రెండు పేర్లు. పదినుండి అంకెలు తగ్గుతూ ఉంటే, ఆయన ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాడు. తాను వ్రాసినదే వచ్చింది. "అయితే ఇది నా మాట వింటుందన్నమాట" అన్నాడు.

మీలో ఎవరి యంత్రాలలో ఎన్ని కెర్నెళ్ళున్నాయో, గడప దగ్గర మీకు జరిగిన మంచిచెడ్డలేమిటో వ్యాఖ్యలలో తెలియజేయగోరుతాను. సాంకేతిక విషయాలలో తప్పులుంటే నిస్సంకోచంగా దిద్దండి. విద్యార్థుల చేత దిద్దించుకోవడం నాకు అలవాటే.

స్వస్తి.